భోజనాల బల్ల మీద దళం

"చెంచాలు కదపకండి. కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేద్దాం," అన్నారు మా ఆయన.

వారం రోజులుగా ఇదే వరస. మా భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉన్నాయి. ఆయనా నేనూ పనిచేసే సైనిక దంత వైద్య దళం మొత్తం అక్కడ కొలువు తీరింది. పెద్ద చెంచాలంటే డాక్టర్లు. టీ చెంచాలు అసిస్టెంట్లు. ఫోర్కులు ల్యాబులో పళ్ళ సెట్లు చేసేవాళ్ళు. బోర్లించిన గిన్నెలు క్లినిక్కులు, మంచినీళ్ళ సీసా కమాండెంట్ గారి ఆఫీసు. బల్లలో ఈ సగం పొద్దుటి పూట, ఆ సగం మధ్యాహ్నం. కాగితం మీద గీస్తే కొట్టివేతలు ఎక్కువవుతున్నాయని ఆయన ఈ పద్ధతి కనిపెట్టారు. రోజూ డ్యూటీ నుంచి రాగానే చేతులు వెనక్కి కట్టుకుని బల్ల ముందు నిలబడతారు. ఒక టీ చెంచాని ఇటు నుంచి అటు బదిలీ చేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటారు. అత్తయ్య సోఫాలో, మా అమ్మాయి కిటికీ గట్టు మీద కూర్చుని తింటున్నారు. నేను వంటింట్లో పొయ్యి పక్కన కంచం పెట్టుకుని నిలబడి తింటున్నాను. నాది మాత్రం దళం వల్ల వచ్చిన మార్పు కాదు, ఎప్పుడూ ఉన్న ఏర్పాటే. చెంచాలన్నీ ఉద్యోగాల్లో చేరిపోవడంతో టీలో చక్కెర చాకుతో కలుపుతున్నాను.

సంగతేమిటంటే, మా దగ్గర ఇన్నాళ్ళూ రెండు క్లినిక్కులు ఉండేవి. సైనికుల క్లినిక్ ఆయనది, వాళ్ళ కుటుంబాల క్లినిక్ నాది. రెండూ కలిపి ఒకటే కేంద్రం చెయ్యమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. కేంద్రానికి ఒకరే అధిపతి. దానితోపాటు ఒక పళ్ళ వ్యాను, దూరాన ఉన్న శిబిరాలన్నీ తిరిగి అక్కడివాళ్ళ నోళ్ళు చూసి రావడానికి. ఎవరెక్కడ ఉండాలో ముసాయిదా తయారుచెయ్యమని కమాండెంట్ గారు మా ఆయనకి చెప్పారు. నాకు చెప్పలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదా, ఒకరికి చెప్తే చాలదా అనుకుని ఉంటారు. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం ఎవరికీ ఎప్పుడూ సందేహం రాని విషయం.

మా దళంలో ఒకే హోదాలో ఇద్దరుంటే ముందు చేరినవాళ్ళే పెద్ద. వయసు, పొడుగు, మీసం ఏవీ లెక్కలోకి రావు. నేను ఆయనకంటే ఒక బ్యాచ్ ముందు చేరాను. ఇంకో నిబంధన కూడా ఉంది. భార్యాభర్తల్లో ఒకరి కింద ఒకరు పనిచెయ్యకూడదు. కేంద్రం నాకు వస్తే ఆయన వ్యానెక్కాలి. ఆయనకి వస్తే నేను వ్యానైనా ఎక్కాలి, ఉద్యోగమైనా మానాలి. వరస ప్రకారం ఆ కుర్చీ నాది. నాకది కావాలి. ఇంత చిన్న మాట మనసులో అనుకోవడానికే చాలా రోజులు పట్టింది, పైకి ఎవరితోనూ అనలేదు.

ఆయన కొత్తగా చేరినప్పుడు నన్ను "మేడమ్, మీరు" అనేవారు. నేను "నువ్వు" అనేదాన్ని. "ఆ పన్ను దగ్గర తొందరపడకు, వేరు వంకరగా ఉంది చూడు," అని వెనక నుంచి చెప్తే, "సరే మేడమ్," అని చెయ్యి ఆపేవారు. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి ఆపడం చూసే నేను ఇష్టపడ్డాను. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, "నీ తువ్వాలు ఇక్కడుంది," అన్నాను. పక్కగదిలోంచి అత్తయ్య, "మొగుణ్ణి పట్టుకుని నువ్వు నువ్వు అంటే వినేవాళ్ళకి బావుండదమ్మా," అన్నారు. మెత్తగానే అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మీరయ్యారు. ఆయన మేడమ్ మానేసి ఏమోయ్ ఎప్పుడు మొదలుపెట్టారో మాత్రం నాకు గుర్తులేదు. దానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

బల్ల మీద నేనెక్కడున్నానా అని రోజూ వెతుకుతున్నాను. వడ్డిస్తూ ఒక చూపు, ఎంగిలి కంచాలు తీస్తూ ఒక చూపు. మొదటి రోజు కుటుంబాల క్లినిక్ గిన్నె పక్కన ఒక పెద్ద చెంచా ఉండేది, అది నేనే అనుకున్నాను. రెండో రోజు గిన్నె లేదు, టీ చెంచాలన్నీ సైనికుల గిన్నె వైపు జరిగాయి. పెద్ద చెంచా ఎటు పోయిందో తెలియలేదు. మర్నాడు వంట చేస్తుంటే ఉప్పు డబ్బాలో కనిపించింది. "ఇంట్లో వాడుకోవడానికి ఒకటైనా ఉండాలి కదా, నేనే వేశాను," అన్నారు ఆయన, ఎంతో సాయం చేసినట్టు. అత్తయ్య కూడా ఊరుకోకుండా బల్ల దగ్గరికి వచ్చి, "ఇందులో కోడలేదిరా?" అని అడిగారు. "అమ్మా, ఇంకా అవలేదు, చూస్తున్నా," అన్నారాయన. అత్తయ్య నా చేతిలో గరిటె చూసి, "ఇదిగో, ఇక్కడుంది," అని నవ్వారు. నేనూ నవ్వాను.

అడిగేస్తే పోయేదిగా అని ఎవరైనా అనొచ్చు. నేనూ అనుకున్నాను. స్నానాల గదిలో అనుకున్నాను, అమ్మాయికి జడ వేస్తూ అనుకున్నాను, ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసి, టైము చాలక నాది చేత్తో సాఫు చేసుకుని వేసుకుంటూ అనుకున్నాను. కానీ ఆయనే అడగాలని ఉంది నాకు. ఎంత కాలమైనా సరే, ఆయన నోటితో, "మేడమ్, వరస మీది కదా, ఏమంటారు?" అనాలని ఉంది. దాని కోసం కాచుకుని కూర్చున్నాను. కూర్చోవడం అన్నది మాటవరసకే, ఆ వారమంతా నేను ఎక్కడా కుదురుగా లేను. సర్దిన అలమారే మళ్ళీ సర్దాను. తుడిచిన గట్టు మళ్ళీ తుడిచాను. ఒక చోట నిలబడితే ఇంకో చోట ఏదో మరిచిపోయినట్టుండేది.

క్లినిక్‌లోనూ అంతే. నా దగ్గర పనిచేసే అసిస్టెంట్లలో పెద్దావిడని అందరూ సక్షన్ అక్క అంటారు. నోట్లో నీళ్ళు లాగే గొట్టం ఆవిడ పట్టుకుంటే పేషెంటుకి ఒక్క చుక్క గొంతులోకి పోదు. "మేడమ్, హెడ్డు మీరే కదా? మేమంతా అదే అనుకుంటున్నాం," అంది ఒక పొద్దున గ్లవ్స్ తొడుక్కుంటూ.

"ఇంకా ఏమీ తేలలేదు అక్కా."

"తేలడానికేముంది మేడమ్, ముందు వచ్చింది మీరు. మీరుంటే మా ఆడవాళ్ళ సంగతి కాస్త చూస్తారు. సారు మంచోరే. కానీ ఆయనకి ఫిట్‌నెస్ తప్ప ఇంకేం పట్టదు."

ఆవిడన్న దాంట్లో అబద్ధమేం లేదు. సైనికుడు శిబిరానికి బయల్దేరే ముందు నోట్లో ఒక్క పుచ్చు కూడా ఉండకూడదు. అక్కడ పంటినొప్పి వస్తే తుపాకీ పట్టే మనిషి ఒకడు తగ్గినట్టే. అందుకని వాళ్ళని పిలిచి మరీ చూస్తారు. వాళ్ళ ఆడవాళ్ళని పిలిచేవాళ్ళు లేరు. బుగ్గ వాచి కన్ను మూసుకుపోయాక వస్తారు. ఆ రోజు వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. చక్కటి దవడ పన్ను, నాలుగుసార్లు వస్తే నిలబెట్టొచ్చు. "పీకెయ్యండి మేడమ్," అంది. ఎందుకమ్మా అంటే, "మళ్ళీ మళ్ళీ రాలేను. మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు, ఈయనకి సెలవు లేదు. పీకితే ఒక్కసారితో అయిపోద్ది," అంది. ఇలాంటి పళ్ళు ఎన్ని పీకానో. కొత్త ముసాయిదాలో కుటుంబాలకి ఇచ్చింది మధ్యాహ్నాలే, సైనికుల పని అయ్యాక మిగిలిన టైము. మధ్యాహ్నం సగంలో పెట్టిన చెంచాలు నేను చూశాను కదా. పొద్దుటి పూట వాళ్ళకిస్తే సగం పళ్ళు మిగులుతాయి. ఆ పని చెయ్యాలని నాకు తహతహగా ఉంది, అది చెయ్యాలంటే కుర్చీ కావాలి.

శనివారం సాయంత్రం కుటుంబాల సంఘం సమావేశం. నేను క్లినిక్ నుంచి అటే వెళ్ళాను, యూనిఫాంలోనే. హాల్లో ఒక వైపు ఆఫీసర్ల కుర్చీలు, ఒక వైపు వాళ్ళ భార్యల కుర్చీలు. ఆఫీసర్ల వైపు వెళ్తే, "మేడమ్, మీరు అటు కూర్చుంటారనుకుని ఇక్కడ వెయ్యలేదు," అన్నారు. భార్యల వైపు వెళ్తే, "మీరు యూనిఫాంలో ఉన్నారు కదా, అటు వేశారేమో అనుకున్నాం," అన్నారు. రెండు చోట్లా మర్యాదగానే చెప్పారు. ప్రతిసారీ ఇలాగే అవుతుంది, ప్రతిసారీ అందరూ కొత్తగా ఆశ్చర్యపోతారు. నేను టీ బల్ల పక్కన నిలబడ్డాను. అక్కడ నిలబడ్డాను కాబట్టి కప్పులు నా వైపు చాచడం మొదలుపెట్టారు. చాచారు కాబట్టి నేను పోశాను.

కమాండెంట్ గారి భార్యని మేమంతా పెద్ద మేడమ్ అంటాం. ఆవిడ కప్పు అందుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

"మీది ఎంత పెద్ద మనసండీ. మా వారు చెప్పారు. ఈ రోజుల్లో ఎవరు వదులుకుంటారు చెప్పండి."

"దేన్ని మేడమ్?"

"అదే, కేంద్రం సంగతి. మీవారికోసం మీరు తప్పుకుంటున్నారట కదా. ఉద్యోగం కూడా మానేస్తున్నారని మీవారే చెప్పారట. ఒక రకంగా మాకూ మంచిదే అయింది. సంఘం పనులు మీ చేతిలో పెట్టి నేను హాయిగా ఉంటాను. ఇంటికి ఇంటి సుఖం, నలుగురిలో మంచిపేరు. ఇంకేం కావాలి?"

కెటిల్ నా చేతిలోనే ఉంది. ఎవరో కప్పు చాచారు, పోశాను. చక్కెర ఎన్ని చెంచాలని కూడా అడిగాను. ఊరందరికీ తెలిసిన నా నిర్ణయం నాకు ఆఖరున తెలిసింది. కోపం ఆ క్షణాన రాలేదు, సిగ్గు వేసింది. ఏ తప్పూ చెయ్యకుండా సిగ్గు ఎందుకు వేస్తుందో ఇప్పటికీ నాకు అంతు చిక్కదు. కోపం ఇంటి దారిలో వచ్చింది. నిదానంగా నడిచే దారిని పరుగులాంటి నడకతో నడిచి, ఇంటి ముందుకొచ్చి, లోపలికి వెళ్ళలేక మళ్ళీ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. నన్ను అడిగి కాదంటే పోట్లాడేదాన్ని. అడగనే లేదు. అడగాల్సినంత మనిషిగా కూడా నేను ఆయన కళ్ళకి ఆనలేదు. లోపల ఆయన అమ్మాయికి లెక్కలు చెప్తున్నారు. మనిషి మంచివాడే. అందుకే ఏ వైపు నుంచి పోట్లాట మొదలుపెట్టాలో తెలియక ఆ సాయంత్రం ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే లోపల్నించి, "అమ్మా, ఏం చేశావే," అని ఆయన గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే బల్ల అద్దంలా మెరుస్తోంది. చెంచాలు, ఫోర్కులు, ఉప్పు డబ్బాలో ఉన్నదానితో సహా అన్నీ కడిగి, తుడిచి, బుట్టలో వేసి ఉన్నాయి. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"తినే వస్తువులు అన్ని రోజులు దుమ్ములో పడుంటే ఎలారా," అన్నారు. "నీ దళం ఏమైనా నాకు తెలుసా."

ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. ముసాయిదా సోమవారం పొద్దున్నే ఇవ్వాలి. కాగితం మీద ఇంకా ఎక్కించలేదు. బుట్టలో చెయ్యి పెట్టి నాలుగు చెంచాలు తీశారు, ఏది ఎవరో పోల్చుకోలేక మళ్ళీ వేసేశారు. అప్పుడు నా వైపు చూశారు.

"ఏమోయ్, నీకు గుర్తుండే ఉంటుంది. కాస్త పెట్టెయ్యవూ. నేను రాసుకుంటాను."

నాకు గుర్తుంది. రోజూ వెతికినదాన్ని కదా. బుట్ట ముందుకు లాక్కుని ఒక్కొక్కటీ పెట్టడం మొదలుపెట్టాను. కొంచెం వంగిన టీ చెంచా సక్షన్ అక్క. ఆవిణ్ణి పొద్దుటి షిఫ్టులో పెట్టాను, సాయంత్రాలు ఆవిడ భర్తకి డయాలిసిస్ ఉంటుంది. ల్యాబు ఫోర్కులు రెంటినీ కిటికీ వైపు పెట్టాను, మంచి వెలుతురు లేకపోతే పంటి రంగు కుదరదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని అసిస్టెంట్లు ఇద్దర్నీ వేరే గదుల్లో వేశాను. కుటుంబాల గిన్నె మళ్ళీ తెచ్చి పొద్దుటి పూట వైపు బోర్లించాను. ఆయన చకచకా రాసుకుంటున్నారు. "అవునవును, ఇదే," అంటున్నారు మధ్యమధ్య. సగం మార్చేశానని ఆయనకి తెలియలేదు. ఆయన చెంచాని కేంద్రం మధ్యలో కాకుండా పక్కకి పెట్టి ఊరుకున్నాను. అన్నీ అయ్యాక బుట్టలో ఒక పెద్ద చెంచా మిగిలింది.

"అదేంటి, ఒకటి ఎక్కువొచ్చిందే," అన్నారు.

"ఇది నేను," అన్నాను.

ఆయన పెన్ను ఆపారు. "నీకెవరు చెప్పారు?" అన్నారు.

"పెద్ద మేడమ్. టీ పోస్తుంటే."

"నేనే చెప్దామనుకున్నాను. వీలు చిక్కలేదు. అయినా నీకు కష్టమవుతుందనే కదా."

"కష్టమని నేనన్నానా?"

"అనక్కర్లేదు. రోజూ చూస్తున్నాను కదా, సాయంత్రానికి ఎంత అలిసిపోతావో."

"ఆ అలసట క్లినిక్‌దో ఇంటిదో ఎప్పుడైనా కనుక్కున్నారా?"

ఆయన పెన్నుకి మూత పెట్టారు. "కమాండెంట్ గారు అడిగారు, ఇద్దరిలో ఎవరూ అని. నువ్వు ఒప్పుకోవని చెప్పాను. నీ తరఫున నేను కాకపోతే ఇంకెవరు చెప్తారు? భార్యాభర్తలన్నాక ఆ మాత్రం ఉండదా? రేపు నిన్ను కూడా పిలుస్తారు. ఊరికే లాంఛనం. అవును సార్ అంటే అయిపోతుంది."

"వరస నాది కదా."

"వరసదేముందోయ్. నాకొస్తే నీకొచ్చినట్టు కాదా?"

"అయితే నాకొస్తే మీకొచ్చినట్టేగా."

ఆయన నవ్వబోయి మానేశారు. "నేను వ్యానెక్కి నెలలో సగం రోజులు తిరుగుతుంటే ఇల్లెవరు చూస్తారు?"

"ఇప్పుడెవరు చూస్తున్నారు?"

"అమ్మా, నువ్వైనా చెప్పవే," అన్నారు ఆయన, అత్తయ్య వైపు తిరిగి.

అత్తయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "నన్ను లాగకండి. నేను చెంచాలు కడిగానంతే," అని గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన ముసాయిదా పూర్తిచేసుకున్నారు. చాలా రోజులకి బల్ల ఖాళీ అయిందని అమ్మాయి సంతోషంగా దాని మీద బొమ్మలు వేసుకుంది. నాకు ఏదో భయంగా ఉంది. కుర్చీ కావాలి, ఇల్లూ కావాలి, ఆయన మొహం అలా వాడిపోవడం చూడలేను. ఇవన్నీ నిజమే. ఒప్పేసుకుందామా అని కూడా అనిపించింది. ఒప్పేసుకుంటే ఈ రోజుకి ప్రాణం హాయిగా ఉంటుంది. రేపటి నుంచి ఎలా ఉంటుందో ఊహించుకోబోతే, సంఘం హాల్లో కెటిల్ పట్టుకుని నిలబడ్డ నేనే కనిపించాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక ముందు నా యూనిఫాం చేసుకున్నాను. ఆయనది హ్యాంగరుకి తగిలించి ఉంది, తర్వాత ఆయనే వచ్చి చేసుకున్నారు. చొక్కా చేతుల దగ్గర మడతలు పడ్డాయి, పడితే పడ్డాయిలే అనుకున్నాను.

సోమవారం కమాండెంట్ గారి ఆఫీసు బయట బెంచీ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ముందు ఆయన్ని పిలిచారు. పావుగంట తర్వాత బయటికి వచ్చి, "బాగా నచ్చింది," అని గొంతు తగ్గించి చెప్పి, మళ్ళీ నా పక్కన కూర్చున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"రండి డాక్టర్, కూర్చోండి," అన్నారు కమాండెంట్. తెల్లజుట్టు మనిషి, అందరితోనూ మెత్తగా మాట్లాడతారు. "మీవారు చాలా బాగా తయారుచేశారు. ముఖ్యంగా కుటుంబాలకి పొద్దుటి పూట ఇవ్వడం నాకెప్పుడూ తట్టలేదు సుమండీ."

"అది నా ఆలోచన సార్. ఆ మాటకొస్తే అందులో చాలాభాగం నేను వేసిందే."

ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "అలాగా. సంతోషం. ఇలాంటివారు తప్పుకోవడం మాకు నష్టమే. మీవారు విషయం చెప్పారు, అయినా మీ నోటితో ఒకసారి వినడం పద్ధతి కదా అని పిలిచాను. మీరు తప్పుకుంటున్నట్టే కదా?"

అవును సార్ అంటే అయిపోతుంది. ఆ రెండు మాటలూ నాలిక మీదే ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో అలవాటైన మాటలు, వాటికి నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"లేదు సార్. వరస నాది. కేంద్రం నేను తీసుకుంటాను."

కమాండెంట్ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ముసాయిదా వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశారు. కోపం లేదు ఆయన మొహంలో, ఇబ్బంది ఉంది.

"మీ ఇష్టం. హక్కు మీదే, నేను కాదనను. కానీ నిబంధన తెలుసు కదా, అప్పుడు మీవారు వ్యాన్‌కి వెళ్ళాల్సి ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకునే వచ్చారా? ఆయన ఏమంటారు? ఒప్పుకుంటారా?"

ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పడమే ఇన్నాళ్ళూ నా పని. ఆయనకి ఏది పడుతుంది, ఏది పడదు, ఫలానా పెళ్ళికి వస్తారా రారా, ఎవరి మీద అలిగారు, ఎందుకు అలిగారు, అన్నీ నన్నే అడిగేవారు, అన్నిటికీ నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా చెప్పగలను. ఒప్పుకుంటారు సార్, కొంచెం బాధపడతారు అంతే, నేను నచ్చచెప్పుకుంటాను అనగలను. కమాండెంట్ గారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారు.

"ఆయన తరఫున నేను చెప్పను సార్," అన్నాను. "బయటే ఉన్నారు. పిలిచి ఆయన్నే అడగండి."